హెంజేరు, తగడూరు: ఎండనేలపై వెలసిన నొళంబ రాజధాని

ధర్మపురి పట్టణమున కోట ప్రాంతమందలి కామాక్షీ దేవాలయమును, దాని చెంతనే యున్న మల్లికార్జునస్వామి ఆలయమును ఎఱుగని తెలుగు కుటుంబము ఇచ్చట లేదనవచ్చును. పెండ్లి సంబంధము కుదిరినను, బిడ్డకు అక్షరాభ్యాసము చేయదలచినను మనవారు ముందుగా నడచునది ఆ గుడికే. అయినను దానిని కట్టించినదెవరని యడిగినచో పెద్దలు సయితము అదియమానుని పేరో చోళుల పేరో చెప్పి ఊరకుందురు. కట్టించినవారు నొళంబులు. క్రీస్తుశకము 9వ శతాబ్ది చివర ఈ తగడూరు సీమను ఏలినవారు వారే. వారి రాజధాని నేటి తమిళనాటను లేదు, కర్ణాటకమునను లేదు. అది శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురము మండలమున హేమావతి యను పల్లెగా మిగిలియున్నది. 2022వ సంవత్సరము ఏప్రిలు వఱకు అది అనంతపురము జిల్లాలోనిది. గడచిన వేసవి సెలవులలో ఆ పల్లెకు పోయి చూచివచ్చితిని. అచ్చట చూచినదియు, దానిని గూర్చి చదివినదియు, వాని వలన కలిగిన ఆలోచనయు ఈ వ్యాసమునకు విషయము.

ఎడారి నగరమనగానే మన మనస్సునకు తోచునది సిరియా దేశపు పల్మీరా వంటిది: ఇసుక నడుమ ఒక నీటి ఊట, దాని చుట్టును స్తంభముల బారులు, బేరగాండ్ర ఒంటెల బిడారులు. తెలుగుదేశమున అట్టి యెడారి లేదు. కాని అనంతపురపు సీమ దానికి దూరపు చుట్టమని చెప్పక తప్పదు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి ఇచ్చటికి చేరునప్పటికి మేఘములలో నీరు మిగులదు. ఈశాన్య ఋతుపవనము సముద్రము నుండి ఇంత దూరము వచ్చుటకు ముందే అలసిపోవును. ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు కురియవలసిన నాడు కురియదు. జిల్లా వాయవ్యమున బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతములలో వేదవతీనది యొడ్డున ఇసుక దిబ్బలు గాలికి కదలి పొలములపై బడుచున్నవి. ఆ దిబ్బలకు హేమావతి చాల దూరము. ఇచ్చట ఇసుక లేదు. ఎఱ్ఱనేల, తుమ్మచెట్లు, గుండ్రాళ్ళ గుట్టలు, వేరుసెనగ చేలు, ఎండిన చెఱువులు కలవు. ఇట్టి నేలపై మున్నూఱేండ్లకు తక్కువ గాకుండ ఒక రాజధాని యెట్లు నిలిచినది? ఈ ప్రశ్నయే నన్ను అచ్చటికి నడపినది.

ధర్మపురి నుండి కృష్ణగిరి, హోసూరు మీదుగా బెంగుళూరు చేరి, అచ్చటి నుండి తుమకూరు, సిరా త్రోవను పోవలెను. మడకశిర ప్రాంతము పటమున చూచినచో ఆంధ్రదేశము కర్ణాటకములోనికి చాచిన చేయివలె నుండును. బస్సు ఎక్కినది తమిళనాట, దిగినది ఆంధ్రమున. నడుమ గడచినదంతయు కన్నడనాడు. ఒక్క పగటి ప్రయాణములో మూడు భాషల పలకలు చదివితిని. ఈ మూడు భాషల కలయికయే నొళంబుల చరిత్ర యంతయు.

ముందుగా ఊరి పేరు. శాసనములలో దీని పేరు పెంజేరు, హెంజేరు. తమిళ శాసనములలో పెరుంజేరు. భాష చెప్పుకొని బ్రతుకువాడను గనుక ఇచ్చట ఒక్క మాట యెక్కువ చెప్పుటకు పాఠకులు అనుమతింతురు గాక. పెంజీకటి యను తెలుగు మాటలో 'పెను' శబ్దము ఎట్లు 'పెం' అయినదో ఇచ్చటను అట్లే యైనది. తమిళమున అదే 'పెరు'. కన్నడమున పదాదియందలి పకారము కాలక్రమమున హకారమైనది: పాలు హాలు అయినవి, పులి హులి అయినది, పెంజేరు హెంజేరు అయినది. ఆ హెంజేరునకు తరువాతివారు సంస్కృతపు ముసుగు వేసి హేమావతి యనిరి. బంగారమునకును ఈ యూరికిని ఏ సంబంధమును లేదు. మూడు భాషలవారు పలికిన మూడు రూపములును ఒక్క పేరు చుట్టును అల్లుకొనియున్నవి.

నేడు హేమావతిలో చూడదగినవి కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్న శివాలయములు: సిద్ధేశ్వరము, దొడ్డేశ్వరము, విరూపాక్షము, మల్లేశ్వరము. సిద్ధేశ్వరాలయమున గర్భగృహములోని స్వామి లింగరూపుడు కాడు. మానవాకృతితో కూర్చుండిన శివుడు. ఇట్టి మూలవిరాట్టు దక్షిణదేశమున మిక్కిలి అరుదు. దొడ్డేశ్వరాలయము పేరునకు తగినట్టు దొడ్డది. దాని యెదుటి నంది యేకశిల. ఆ నల్లరాతి నునుపు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ అద్దము మీద పడినట్టు పడుచుండెను. ఆలయపు గోడలు చాలవఱకు సాదావి. శిల్పి తన నేర్పునంతను రాతి కిటికీలలో చూపినాడు. తీగల చుట్టలను రాతియందే చెక్కి, ఆ చుట్టల నడుమ గంగను, బ్రహ్మను, ఇతర దేవతలను నిలిపి, మిగిలిన రాతిని తొలిచివేసినాడు. లోపల నిలువబడి చూచినచో వెలుతురు ఆ తీగల సందుల నుండి నేలపై పడి, ముగ్గువలె కనబడును. బయటి యెండకు తాళలేక లోనికి పోయిన నాకు ఆ కిటికీల ప్రయోజనము అప్పుడు తెలిసినది. అవి అలంకారమునకు మాత్రమే పెట్టినవి కావు. వేడిని ఆపి గాలిని రానిచ్చుటకు ఎండదేశపు శిల్పి కనిపెట్టిన యుపాయమవి.

ఆవరణమున విఱిగిన శిల్పములు బారులు తీర్చి యుంచబడినవి. తలలేని దేవతలు, వీరగల్లులు, స్తంభముల మొదళ్ళు. పూర్తి స్తంభములు మాత్రము చాల తక్కువ. ఒక నగరమునకు రాజధాని యను పేరుండి స్తంభములు ఇంత తక్కువగా నుండుట వింత గదా! అవి యేమైనవో చివర చెప్పుదును.

నీడలో కూర్చుండిన ఒక ముదుసలి నన్ను మొదట కన్నడమున పలుకరించి, నా ముఖము చూచి తెలుగులోనికి మాఱెను. "ఏ ఊరు సామీ మీది?" అనెను. ధర్మపురి యంటిని. "నరసింహస్వామి ధర్మపురా? గోదారి ఒడ్డు?" అనెను. కాదు, సేలము వైపు ధర్మపురి యని చెప్పితిని. "అరవదేశంలో తెలుగు చెప్తారా?" అని ఆశ్చర్యపడెను. ఆయన మాటలాడుచున్నది ఆంధ్రదేశమున కన్నడమని ఆయనకు తోచలేదు. నాకును అప్పుడు తోచలేదు.

ఇక రాజుల మాట. హేమావతిలోని స్తంభశాసనమున నొళంబులు తమ వంశావళిని చెప్పుకొనిరి. తాము ఈశ్వరవంశీయులమనియు, కంచికి అధిపతియైన త్రినయన పల్లవుని సంతతివారమనియు వారి మాట. ఆ త్రినయనుడే తెలుగు కైఫీయతులలో ముక్కంటి కాడువెట్టిగా కనబడును. వంశమున తొలిగా చెప్పదగినవాడు మంగళ నొళంబాధిరాజు. తరువాత సింహపోతుడు, చారుపొన్నేరుడు, పొళల్చోరుడు వరుసగా వచ్చిరి. వారు గాంగులకును రాష్ట్రకూటులకును సామంతులై యుండి మెల్లగా పెరిగిరి. పొళల్చోరుని కుమారుడైన మహేంద్రుని కాలమున నొళంబుల బలము మిన్నందినది. బాణులను కూల్చి 'మహాబలికుల విధ్వంసను'డని బిరుదు ధరించినాడు. అతని కుమారుడు అయ్యపదేవుడు. నొళంబవాడి ముప్పదిరెండువేల నాడను పేరు ఈ రాజ్యమునకు ప్రసిద్ధము. నేటి అనంతపురము, చిత్రదుర్గము, తుమకూరు, కోలారు, చిత్తూరు సీమల భాగములును, ధర్మపురి, సేలముల యుత్తరభాగమును ఏదో యొక కాలమున వారి చేతిక్రింద నుండెను.

మహేంద్రుడు మన తగడూరునకు వచ్చిన సాక్ష్యము మన యూరనే దొరకినది. ధర్మపురి స్తంభశాసనము శకవర్షము 815, అనగా క్రీస్తుశకము 893 నాటిది. నిధియణ్ణ, చండియణ్ణ అను వర్తకులైన అన్నదమ్ములు తగడూరున ఒక జైన బసదిని కట్టించిరి. నిధియణ్ణ రాజు వలన మూలపళ్ళి యను గ్రామమును పొంది, బసది మరమ్మతులకును పూజలకును కనకసేన సిద్ధాంత భటారునకు ధారవోసెను. పిమ్మట అయ్యపదేవుడు బుదుగూరను మఱియొక గ్రామమును ఇచ్చెను. శాసనము కన్నడము. రాజు శైవుడు, గుడి జైనులది, ఊరు తమిళ కవులు పాడిన తగడూరు, కట్టించినవారు కోమట్లవలె వర్తకము చేసినవారు. 893 నాటికే ఈ యూరు ఇన్ని విధముల జనులకు ఇల్లై యుండెను. ఆ బసది నేడు నిలిచి లేదు. మల్లికార్జునాలయము నిలిచినది. మంటపపు కప్పున చెక్కిన అష్టదిక్పాలకులను, నేలకు తాకీ తాకనట్లున్న స్తంభమును చూడని మన పిల్లలు లేరు. కామాక్షీ ఆలయపు అధిష్ఠానమున రామాయణ కథ చిన్న చిన్న ఫలకములుగా చెక్కబడియున్నది. వంగి చూడవలెను గనుక పెద్దలు చూడరు, పిల్లలే చూతురు.

నొళంబులకు పూర్వపు తగడూరు చరిత్రయు తక్కువది కాదు. సంగకాలపు అదియమాన్ నెడుమాన్ అంజి, అవ్వైయారు, ఆయువును పెంచు నెల్లికాయ కథ మన పిల్లలకు తమిళ వాచకముల నుండి తెలియును. 1981వ సంవత్సరమున జంబైలో బయల్పడిన బ్రాహ్మీ శాసనము ఆ అంజిని సతియపుతుడని పేర్కొన్నది. అశోకుని రెండవ శిలాశాసనమున చోళ, పాండ్య, కేరళపుత్రులతో పాటు సతియపుత్రులు చెప్పబడిరి. వారెవరో తెలియక పండితులు చిరకాలము తర్కించిరి. ఆ తర్కమును జంబైలోని యొక్క పంక్తి తీర్చినది. ఆ యశోకుని శాసనపు ప్రతి కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి గుట్టపై నేటికిని చదువుకొనవచ్చును.

ఇచ్చట మన సంఘములలో తఱచుగా వినబడు ఒక వాదమును గూర్చి నా యభిప్రాయము చెప్పక తప్పదు. 'నొళంబులు తెలుగువారు, తగడూరును ఏలినవారు, కాబట్టి ఈ నేలపై మన హక్కు వేయేండ్లది' అని కొందఱు ఉత్సాహముగా చెప్పుదురు. నేనును హేమావతికి పోవునప్పుడు అట్టి ఆశ లేకుండ పోయితినని చెప్పలేను. కాని శాసనములు ఆ మాటను సమర్థింపవు. నొళంబుల శాసనములలో అధికభాగము కన్నడము. తెలుగుశాసనములు ఆ కాలమున లేవా యనగా, కడపసీమలో రేనాటి చోళులు 575 ప్రాంతమునకే తెలుగున శాసనములు వేయించిరి. మదనపల్లె వైపు వైదుంబులును తెలుగున వేయించిరి. వ్రాయదలచినవారికి తెలుగు సిద్ధముగా నుండెను. హెంజేరు రాజులు కన్నడమును ఎన్నుకొనిరి. దానికి మనము నొచ్చుకొనవలసిన పని లేదు.

అంతకంటె విచిత్రమైనది మఱియొకటి కలదు. ఈ యెండనేల నేలినవారెవరును తాము ఈ నేలవారమని చెప్పుకొనలేదు. నొళంబులు కంచి పల్లవుల సంతతి యనిరి. వారి తరువాత హెంజేరున రాజ్యము చేసిన తెలుగు చోడులు కరికాలుని వంశమనియు, 'ఒరెయూరు పురవరాధీశ్వరు'లమనియు బిరుదు పెట్టుకొనిరి. ఒరెయూరనగా తిరుచిరాపల్లిలోని ఉఱైయూరు. తగడూరున 1200 ప్రాంతమున పాలించిన విడుగాదళగియ పెరుమాళ్ అను అదియమానుడు చేరవంశజుడనని తిరుమలై శాసనమున చెప్పించుకొనెను. అందఱును ఎచ్చటి నుండియో వచ్చినవారే, లేక వచ్చితిమని చెప్పుకొన్నవారే. దూరపు గొప్ప లేనిదే దగ్గఱి పెత్తనము సాగదని వారి తలంపు కాబోలు! మన తెలుగు కుటుంబములు విజయనగరపు నాయకులతో వచ్చితిమని చెప్పుకొనుటకును వారి మాటకును పద్ధతిలో భేదము లేదు. అయితే మన మాటకు కొంత యాధారము కలదు. 16వ శతాబ్ది చివర గోలకొండ సేనలు పెనుకొండను ముట్టడించినప్పుడు దానిని కాపాడిన జగదేవరాయలకు బారమహలు సీమ లభించెను. కృష్ణగిరి దగ్గఱి జగదేవి గ్రామము అతని పేరిటిదే. పెనుకొండయు హేమావతియు నేడు ఒక్క జిల్లాలోనివి. 1792లో బారమహలు కుంఫిణీ చేతిలో పడగా ఈ ధర్మపురిలో కొలువు చేసిన థామస్ మన్రో 1800లో దత్తమండలమునకు కలెక్టరై అనంతపురము చేరెను. రెండు సీమల నడుమ రాకపోకలు ఏ కాలమునను తెగలేదు.

నొళంబుల పతనము త్వరగానే వచ్చినది. 963 నుండి 974 వఱకు ఏలిన గాంగరాజు మారసింహుడు వారిని ఓడించి 'నొళంబకులాంతకు'డను బిరుదు పెట్టుకొనెను. అటు పిమ్మట రాజరాజచోళుని ప్రశస్తియందు గంగపాడి, తడిగైపాడులతో పాటు నుళంబపాడియు గెలిచిన దేశముగా చేరినది. మిగిలిన నొళంబులు చాళుక్యులకు సామంతులైరి. వారి వెనుక వచ్చిన చోడులు క్రమముగా హెంజేరును విడిచి, నేటి పావగడ తాలూకాలోని నిడుగల్లు కొండకోటకు తరలిపోయిరి. మైదానమందలి యూరికి రక్షణ తక్కువ. చెఱువులు నిండినంతవఱకే ఆ యూరు బ్రదుకును. వానిని త్రవ్వించి పూడిక తీయించు ప్రభువు లేనినాడు చెఱువు ముందు చచ్చును, తరువాత ఊరు చచ్చును. చెఱువు కట్టించినవారికి 'బిట్టువట్ట'మను పేర భూమి యిచ్చు ఆచారము ఈ ప్రాంతపు శాసనములలో తఱచుగా కనబడుటకు కారణమిదే. నేను మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానమును ఇదే: రాజధానిని నిలిపినది కోట గాదు, చెఱువు. నేడు ఆ పావగడ బీళ్ళపై 13,000 యెకరములలో సౌరఫలకములు పఱచి 2,050 మెగావాట్ల విద్యుత్తును తీయుచున్నారు. ఊరిని ఎండగట్టిన సూర్యుడే ఇప్పుడు కౌలు ఇచ్చుచున్నాడు.

హేమావతి గుడి ముందు నాకు మఱియొకరు తటస్థపడిరి. ఆయన ఆ వైపు బడిలో కన్నడ పంతులు. మడకశిర ప్రాంతపు మండలములలో కన్నడ మాధ్యమ పాఠశాలలు కలవు. ఆంధ్రదేశమున అవి అల్పసంఖ్యాక భాషా పాఠశాలలు. నేను తమిళనాట తెలుగు పంతులను. అరగంటలో మా కష్టములు చెప్పుకొంటిమి. అవి ఒక్కటే. పాఠ్యపుస్తకములు జూనులో రావలసినవి ఆగస్టులో వచ్చును. పదవీవిరమణ చేసినవారి స్థానమున క్రొత్తవారు రారు. తల్లిదండ్రులు ఆంగ్లబడి వైపు చూతురు. తమిళనాట 2006 నాటి తమిళాభ్యసన చట్టము వలన తమిళము మొదటి తరగతి నుండి క్రమముగా పదవ తరగతి వఱకు నిర్బంధమైనది. ఆ వృత్తాంతమును ఆయన శ్రద్ధగా వినెను. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే, అది వారి వీథి భాష. అయితే దానికి ప్రక్కన తెలుగు పాఠము మిగులవలెను గదా యంటిని. "మీరు నొళంబుల గుడి చూచుటకు వచ్చితిరి. మా పిల్లలు ఆ శాసనము చదువగలరు, మీ పిల్లలు చదువలేరు. అయినను దానిపై పలక తెలుగులోను ఆంగ్లములోను ఉన్నది" అని ఆయన నవ్వెను. ఆ నవ్వులో కినుక లేదు. వేయేండ్ల నాటి రాయిని చూపి హక్కు అడుగుట యెంత వ్యర్థమో నాకు అప్పుడు స్పష్టమైనది. తగడూరు నొళంబులది యని నేను వాదించినచో, హేమావతి కన్నడిగులదని ఆయన వాదింపవలసి వచ్చును. ఆయన వాదింపలేదు. బడిలో ముప్పదిమంది పిల్లలున్నారా, లేదా యనునదియే ఆయన చింత. నాదియు అదే.

ఇక స్తంభముల మాట మిగిలినది. సి. శివరామమూర్తిగారు 1964లో మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాల పక్షమున నొళంబ శిల్పములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. తంజావూరు దగ్గఱి తిరువైయాఱున పంచనదీశ్వరాలయ ప్రాంగణమందలి మంటపమున 40కి పైగా స్తంభములు అచ్చటి చోళ శిల్పముతో పొసగక, నల్లని నునుపైన రాతితో, హేమావతి పనితనముతో ఉన్నవి. రాజేంద్రచోళుడు నొళంబవాడి విజయమునకు గుర్తుగా వానిని తెప్పించెనని శిల్పరీతిని బట్టి పండితులు నిర్ణయించిరి. ఇది ఆ వంశమునకు కొత్త కాదు. అతని కుమారుడు రాజాధిరాజు కల్యాణపురమును కాల్చి తెచ్చిన ద్వారపాలకుని పీఠముపై ఆ మాట చెక్కించెను. లోకమందంతటను జయించిన రాజులు చేసిన పనియే యిది. పల్మీరాను కొల్లగొట్టిన రోమకచక్రవర్తి ఔరేలియను అచ్చటి సొమ్ముతో 274లో రోమున సూర్యాలయమును అలంకరించెను. 2015లో పల్మీరా యాలయములను పేల్చివేసినవారితో పోల్చినచో, స్తంభమును విఱుగగొట్టక బండ్లపై బహుదూరము మోయించినవాడు మేలేమో! వాననీటికి నోచని నేల మీది రాళ్ళు కావేరి పాయల నడుమ పచ్చనిచోట నిలిచి వేయేండ్లు కావచ్చినది.

ఆ తిరువైయాఱు మనకు త్యాగరాజస్వామి సమాధి వలన పుణ్యక్షేత్రము. ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు ఆరాధనకు మన ధర్మపురి, కృష్ణగిరుల నుండి పోవువారు కలరు. పంచరత్నములు విని, కావేరిలో మునిగి, పంచనదీశ్వరుని దర్శించి వచ్చెదరు. ఈ యేడు పోవువారు ప్రాకారపు మంటపమున కొంతసేపు నిలువవలెనని ప్రార్థన. చుట్టును ఉన్న బూడిదవన్నె రాతి కంబముల నడుమ నల్లనివి, చేతితో తడిమినచో చల్లగా జాఱునవి కనబడును. పలుచదరములుగా తీర్చిన నడుము, గుండ్రముగా చిత్రిక పట్టిన మెడ, చదరములపై చిన్న చిన్న బొమ్మలు. తిరిగి వచ్చిన పిదప కోట మల్లికార్జునస్వామి మంటపపు స్తంభములను ప్రక్కన నిలిచి చూడుడు.